ఫ్యాన్ పేజ్‌ని జనం ఎందుకు ఫాలో అవుతారు: అపోహలు, వాస్తవాలు

ఒక గాయని పేరు మీద ఫ్యాన్ పేజ్ మొదలుపెట్టి తొమ్మిదేళ్లవుతోంది. మధ్యలో ఇంకో రెండు పేజీలకి అడ్మిన్‌గా ఉన్నాను. అందులో ఒకదాన్ని నా చేతులతో నేనే ముంచేశాను, ఆ సంగతి కింద వస్తుంది. కొత్తగా పేజ్ పెట్టినవాళ్లు డీఎంలో అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే: రోజుకి ఎన్ని పోస్టులు వెయ్యాలి, ఏ ట్యాగ్ పెట్టాలి, రీచ్ (పోస్ట్ ఎంతమందికి కనిపించిందన్న లెక్క) ఎందుకు పడిపోయింది. జవాబు చెప్పబోతే, ముందు కొన్ని నమ్మకాలని తుడిచెయ్యాల్సి వస్తోంది.

అపోహ: స్టార్‌కి పేరుంటే చాలు, ఫాలోవర్లు వాళ్లంతట వాళ్లే వస్తారు

వస్తారు, ఓసారి చూస్తారు, పోతారు. స్టార్‌ని చూడాలంటే స్టార్ సొంత అకౌంట్ ఉంది కదా. అక్కడ దొరకనిది మన దగ్గర ఏదో ఉంటేనే ఫాలో నొక్కుతారు.

బీటీఎస్ అభిమానులనే తీసుకోండి. ఆ బ్యాండ్ వాళ్లు లైవ్‌లోకి వచ్చి మాట్లాడేది కొరియన్‌లో. ప్రపంచమంతా ఉన్న అభిమానుల్లో చాలామందికి ఆ భాష రాదు. లైవ్ నడుస్తుండగానే ఒక్కో మాటా అనువదించి పెట్టే ఫ్యాన్ అకౌంట్లు పుట్టుకొచ్చాయి. జీతం లేదు, అడిగేవాళ్లు లేరు. కానీ ఆ పని చేసేవాళ్లు లేకపోతే అభిమానికి తన స్టార్ ఏమన్నాడో తెలీదు. అలాంటి అకౌంట్‌ని ఎవరు వదులుకుంటారు?

మా పేజ్‌కి మొదటి వెయ్యిమంది వచ్చింది కూడా నేను రాత్రులు కూర్చుని చేసిన వీడియో ఎడిట్స్ వల్ల కాదు. ఆవిడ పాడిన పాటలన్నీ ఏ సంవత్సరంలో వచ్చాయి, సంగీతం ఎవరు, ఇప్పుడు ఎక్కడ వినొచ్చు అని ఒక జాబితా చేసి పేజ్‌లో అన్నిటికన్నా పైన ఉండేలా పిన్ చేశాను. చూడ్డానికి బొత్తిగా అందం లేని పోస్ట్. ఇప్పటికీ కొత్తవాళ్లు ఎక్కువగా దాని మీంచే వస్తున్నారు. అప్‌డేట్లు, అనువాదాలు, పాత సంగతుల భాండాగారం, చార్టుల లెక్కలు, మీమ్స్... వీటిలో ఏదో ఒక పని మన పేజ్‌ది అని జనానికి తెలియాలి. అన్నీ కలిపి వండితే ఏ రుచీ తెలీదు.

అపోహ: ముందు పోస్ట్ చేసినవాడిదే పైచేయి

నేను ముంచేసిన పేజ్ కథ ఇదే. ఒక గ్రూపులో ఎవరో కచేరీ తేదీ ఉన్న స్క్రీన్‌షాట్ పెట్టారు. అందరికంటే ముందు వెయ్యాలన్న తొందరలో ఎక్కడా సరిచూసుకోకుండా పోస్ట్ చేసేశాను. అరగంటలో మామూలు రోజుకి పదింతల రీచ్ వచ్చింది. నేను పండగ చేసుకుంటుండగా కొందరు ఆ తేదీకి ప్రయాణం టికెట్లు కొనుక్కున్నారు. మర్నాడు నిర్వాహకులు ప్రకటించిన తేదీ వేరు.

దాని తరవాత నేను చేసిన పని ఇంకా పెద్ద తప్పు. గుట్టుగా ఆ పోస్ట్ తీసేశాను. నేను తీసేసినా స్క్రీన్‌షాట్లు ఉంటాయి కదా. ‘టికెట్ డబ్బులు నువ్విస్తావా?’ అన్న కామెంట్ ఆ తరవాత వేసిన ప్రతి పోస్ట్ కిందా కనిపించేది. ఆరు నెలలు లాగి మూసేశాను.

ఇప్పుడు నా పద్ధతి వేరు. అధికారికంగా చెప్పినది అయితే అలా రాస్తాను, కాకపోతే మొదటి మాటే ‘ఇంకా ఖాయం కాలేదు’ అని పెడతాను. తప్పు దొర్లితే తీసెయ్యను. కింద సవరణ రాసి, అదే సంగతి విడిగా ఇంకో పోస్ట్ వేసి, దాన్ని ఒక రోజు పిన్ చేసి ఉంచుతాను. పది నిమిషాలు ఆలస్యమైందని నన్ను వదిలేసినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

ఈ నమ్మకం బరువెంతో 2020 జూన్‌లో చూశాం. అమెరికాలో నల్లజాతివాళ్ల మీద హింసకి వ్యతిరేకంగా సాగిన బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ఉద్యమానికి బీటీఎస్, వాళ్ల సంస్థ కలిసి 10 లక్షల డాలర్లు ఇచ్చారని తెలిశాక, అభిమానులు ఒక్క రోజు కాస్త అటూ ఇటూగా అంతే మొత్తం పోగేశారు. ముక్కూమొహం తెలియని అకౌంట్ పెట్టిన లింకు మీద డబ్బు వేశారంటే, అంతకుముందు ఆ అకౌంట్లు ఎన్నిసార్లు నిజం చెప్పి ఉంటాయో ఆలోచించండి.

అపోహ: లైకులే రీచ్

ట్విట్టర్ 2023 మార్చి చివర్లో తన సిఫార్సుల కోడ్‌లో కొంత భాగాన్ని బయటపెట్టింది. ఎవరికి ఏ పోస్ట్ చూపించాలో లెక్కేసేటప్పుడు దేనికెంత బరువు ఇస్తున్నారో అందులో ఉంది. లైక్‌కి 0.5. రీట్వీట్‌కి 1. రిప్లైకి 13.5. ఆ రిప్లైకి పోస్ట్ పెట్టినవాళ్లు తిరిగి స్పందిస్తే 75. అవి ఆనాటి అంకెలు, వాటిని ఎప్పటికప్పుడు మారుస్తూనే ఉంటారు కాబట్టి బట్టీ పట్టనక్కర్లేదు. కానీ 0.5కీ 75కీ మధ్య ఉన్న దూరం చూడండి. మనం లైకులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే, అవతల యంత్రం మాటామంతీ జరుగుతోందా లేదా అని చూస్తోంది.

ఇన్‌స్టాగ్రామ్ సంగతి కొంచెం వేరు. ఎంతసేపు చూశారు, లైక్ కొట్టారా, ఇంకొకరికి పంపారా అన్న మూడూ ముఖ్యమని ఆ సంస్థ అధిపతి ఆడమ్ మొసేరి 2025లో చెప్పాడు. మనల్ని ఇంకా ఫాలో అవ్వనివాళ్ల దగ్గరికి చేరాలంటే పంపడానికే ఎక్కువ విలువ. అంటే అభిమాని మన రీల్ చూసి ‘ఇది ఫలానా వాడికి చూపించాలి’ అనుకోవాలి. స్లో మోషన్‌లో నడిచి వచ్చే వీడియోని ఎవరూ ఎవరికీ పంపరు. నవ్వించేదీ, తెలియని సంగతి చెప్పేదీ, ‘అచ్చం నువ్వే’ అనిపించేదీ పంపుతారు.

అడిగే తీరు మీద కూడా చాలా ఉంటుంది. ‘ఈ పాట ఎలా ఉంది?’ అంటే ‘సూపర్’ అని రాసి పోతారు. ‘ఈ పాట మొదటిసారి విన్నప్పుడు మీ పక్కన ఎవరున్నారు?’ అని ఒకసారి అడిగాను. మూడు రోజులు జవాబులు రాస్తూనే కూర్చున్నాను. ఒకావిడ వాళ్ల నాన్న గురించి రాసింది. ఆ రోజు ఫాలోవర్లు ఎంత పెరిగారో చూసుకోవడం కూడా మర్చిపోయాను. (తరవాత చూశాను లెండి, బాగానే పెరిగారు.)

పోస్ట్ వేసి పడుకోకండి. మొదటి గంట అక్కడే ఉండి రిప్లైలు ఇవ్వగలిగే సమయంలోనే వెయ్యండి.

అపోహ: ఫ్యాన్ వార్ పెడితే పేజ్ పెరుగుతుంది

అంకె పెరిగే మాట నిజమే, ఒకటి రెండు రోజులు. గొడవ కూడా రిప్లైలే కదా. కానీ అదే కోడ్‌లో ఇంకో వైపు అంకెలు కూడా ఉన్నాయి. ‘ఇలాంటివి వద్దు’ అనడం, బ్లాక్ చెయ్యడం, మ్యూట్ చెయ్యడం లాంటి వాటికి మైనస్ 74. రిపోర్ట్ కొడితే మైనస్ 369. ఒక్క రిపోర్ట్ బరువుని లైకులతో పూడ్చాలంటే ఏడువందల పైచిలుకు కావాలి. పైగా తిట్లు చూడ్డానికి వచ్చినవాడు తిట్లు ఆగగానే వెళ్లిపోతాడు, పాటల కోసం వచ్చినవాళ్లు తిట్లు మొదలవగానే వెళ్లిపోతారు. నా మటుకు నేను అవతలి స్టార్ పేరే ఎత్తను. పిరికితనం అన్నవాళ్లున్నారు, అనుకోనివ్వండి.

అపోహ: రోజంతా ట్యాగ్ వేస్తే ట్రెండ్ అవుతుంది

ట్రెండ్ కొలిచేది మొత్తాన్ని కాదు, వేగాన్ని. ఎప్పుడూ ఉండే సందడి కన్నా ఉన్నట్టుండి లేచిన సందడికే చోటిస్తారు. 2010లో పాప్ గాయకుడు జస్టిన్ బీబర్ పేరు ట్రెండ్ల జాబితాలోంచి దిగకుండా కూర్చునేసరికి ట్విట్టర్ లెక్క కట్టే పద్ధతినే ఈ దిక్కుకి మార్చింది. అందుకే అనుభవమున్న అభిమానులు ట్యాగ్‌ని ముందు బయటపెట్టరు. సరిగ్గా అనుకున్న నిమిషానికి వదిలి, ఆ గంటలోనే అందరూ రాస్తారు, అదీ ఎవరి మాటల్లో వాళ్లు. ఒకే వాక్యాన్ని వందమంది కాపీ చేసి వేస్తే స్పామ్ కింద కొట్టుకుపోతుంది.

ఇంతా చేసి, ట్రెండ్ వల్ల మన పేజ్‌కి ఫాలోవర్లు రావడం నేను పెద్దగా చూళ్లేదు. అది స్టార్‌కి చేసే హారతి, అంతే.

అపోహ: క్రెడిట్ ఇస్తే కాపీరైట్ ఇబ్బంది ఉండదు

‘హక్కులన్నీ యజమానులవే’ అని కింద రాస్తే రక్షణ అని ఇప్పటికీ నమ్ముతున్నారు. క్రెడిట్ మర్యాద, అనుమతి కాదు. ఫొటో ఏజెన్సీలు తమని తీసిన ఫొటోలు పోస్ట్ చేసుకున్న స్టార్ల మీదే కేసులు వేశాయి, ఇక అభిమాని ఎంత! యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (ఉల్లంఘన హెచ్చరికలు) పడితే ఛానెల్ పోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ 2024 ఏప్రిల్‌లో ఇంకో మాట చెప్పింది: 30 రోజుల్లో పదిసార్లు, అంతకుమించి ఇతరులవి ఉన్నవి ఉన్నట్టు ఎత్తి పెట్టే పేజీలని కొత్తవాళ్లకి సిఫార్సు చెయ్యబోమని. అంటే స్ట్రైక్ పడకపోయినా ఎదుగుదల ఆగిపోతుంది. క్లిప్ మీద మన మాట, మన వివరణ, మన అనువాదం ఏదో ఒకటి ఉండాలి. ఫొటోగ్రాఫర్లని అడిగి చూడండి, చాలామంది సరే అంటారు. అడిగేవాళ్లే తక్కువ.

అపోహ: పేరూ డీపీ అచ్చం స్టార్‌వే పెడితే జనం ఎక్కువగా వస్తారు

రిపోర్టులు కూడా ఎక్కువగా వస్తాయి. 2025 ఏప్రిల్ నుంచి ఎక్స్‌లో (పాత పేరు ట్విట్టర్) ఇలాంటి అకౌంట్ల పేరు మొదట్లోనే అది ఫ్యాన్ అకౌంటో పేరడీయో తెలిసే మాట ఉండాలి, డీపీ కూడా స్టార్‌ది ఉన్నది ఉన్నట్టు పెట్టకూడదు.

అపోహ: మొదట కొన్ని వేలమందిని కొనుక్కుంటే మిగతావాళ్లు వస్తారు

2014 డిసెంబర్‌లో ఇన్‌స్టాగ్రామ్, 2018 జులైలో ట్విట్టర్ దొంగ లెక్కలు ఊడ్చినప్పుడు కోట్లమంది అభిమానులున్న స్టార్లకే లక్షల్లో తగ్గారు. మనదెంత?

అపోహ: కొత్త సంగతి లేని నెలల్లో పేజ్ పడుకుంటుంది

గత ఏడాది మా గాయని నాలుగు నెలలు ఒక్క పాటా విడుదల చెయ్యలేదు, బయట కనపడలేదు. మా దగ్గరున్న పాత రేడియో ఇంటర్వ్యూని ముక్కలు చేసి రోజుకో రెండు వాక్యాలు రాసి పెట్టాం. అది చూసి ఎవరో అటక మీది క్యాసెట్లు దించారు, ఇంకెవరో పాత పత్రికల కత్తిరింపులు పంపారు. ఆ నాలుగు నెలల్లో పెరిగినంత మేం ఏ ఆల్బమ్ విడుదలప్పుడూ పెరగలేదు. ఆ క్యాసెట్లలో ఒకదాంట్లో ఆవిడతో కలిసి పల్లవి అందుకున్న ఇంకో గొంతు ఉంది. ఎవరిదా అని పోస్ట్ వేశాం. ఇప్పటికి ఆరు పేర్లు వచ్చాయి, ఒక్కటీ ఖాయం కాలేదు. ‘ఏమైనా తెలిసిందా?’ అని రోజుకి ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి వెళ్తున్నారు.