తప్పు పాత కంప్యూటర్‌దా, తెరిచి వదిలేసిన 445 పోర్టుదా?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. దాంతో హైదరాబాద్‌లో పాత తగవు మళ్లీ మొదటికొచ్చింది. బాలానగర్ వర్క్‌షాపుల్లో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషీన్ల పక్కన, డయాగ్నస్టిక్ సెంటర్ల ఎక్స్‌రే గదుల్లో విండోస్ 7, అక్కడక్కడా ఎక్స్‌పీ కూడా ఇంకా నడుస్తూనే ఉన్నాయి. పాతవన్నీ తీసెయ్యమని అమ్మేవాళ్లంటారు. ఆ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్ మీద ఎక్కదు, మెషీన్‌నే మార్చాలంటే లక్షలు కావాలని నడిపేవాళ్లంటారు.

ఎవరి మాటలో ఎంత బలముందో 2017లోనే తేలిపోయింది. కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్ఎంబీ1. అది 445 పోర్టు (నెట్‌వర్క్ నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే ఒక ద్వారం) మీద నడుస్తుంది. దానిలోని లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14న ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే హ్యాకర్ల ముఠా ఆ లోపంలోంచి చొరబడే ఎటర్నల్‌బ్లూ అనే కోడ్‌ను బయటపెట్టింది. మే 12న దాన్ని వాడుకుని, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై పురుగు విరుచుకుపడింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకూ ఆ దెబ్బ తగిలింది. ప్యాచ్ చేతికొచ్చి అప్పటికి 59 రోజులు. కాస్పర్‌స్కీ లెక్క ప్రకారం, వైరస్ సోకిన వాటిలో 98 శాతానికి పైగా విండోస్ 7వే. అప్పటికి దానికి అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి! 2014 ఏప్రిల్‌లోనే గడువు తీరిన ఎక్స్‌పీ మీద ఆ పురుగు చాలాసార్లు పారక, బ్లూ స్క్రీన్ వచ్చి ఆగిపోయింది. ముంచింది కంప్యూటర్ వయసు కాదు, వెయ్యని ప్యాచ్, మూయని పోర్టు.

విండోస్ 7లో ఎస్ఎంబీ1 ఆపడం రెండు నిమిషాల పని. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు ఉండే చోట) లాన్‌మాన్‌సర్వర్ పారామీటర్స్ కింద 'ఎస్ఎంబీ1' పేరుతో డీవర్డ్ (సంఖ్య విలువ) పెట్టి, విలువ 0 ఇచ్చి రీస్టార్ట్ చేయాలి. చిక్కు మర్నాడు వస్తుంది. షేర్డ్ ఫోల్డర్‌కు స్కాన్ పంపే పాత జిరాక్స్ మెషీన్‌కు ఎస్ఎంబీ1 తప్ప మరొకటి రాదు. స్కాన్ రావట్లేదని ఫోన్ చేస్తే, వచ్చిన కుర్రాడు ఆ 0ను 1 చేసి వెళ్లిపోతాడు. స్కాన్‌ను ఎఫ్‌టీపీకి (ఫైళ్లు పంపే మరో పద్ధతికి) మారిస్తే ఆ బాధ ఉండదు. విండోస్ 7ను కొత్తగా ఎక్కించినప్పుడు ముందు కేబీ4490628, కేబీ4474419 అనే అప్‌డేట్లు వేయాలి. అవి లేకపోతే 2019 నడిమి తర్వాతి ప్యాచ్‌లను అది ఒప్పుకోదు.

ఎక్స్‌పీకి ఎస్ఎంబీ1 తప్ప వేరే దారి లేదు కాబట్టి ఫైళ్లు పంచే 'సర్వర్' సర్వీసునే డిసేబుల్ చేయాలి. దాని సొంత ఫైర్‌వాల్ లోపలికి వచ్చేవాటినే ఆపుతుంది, బయటికి వెళ్లేవాటిని ఆపదు. అందుకే ఎక్స్‌రే కన్సోల్‌కు, మిగతా నెట్‌వర్క్‌కు మధ్య చిన్న ఫైర్‌వాల్ రౌటర్ ఉండాలి. ఇమేజ్ సర్వర్ ఐపీకి, అది వాడే డైకామ్ (వైద్య చిత్రాలు పంపే పద్ధతి) పోర్టుకు (చాలాచోట్ల 104) మాత్రమే దారి వదిలి తక్కినవన్నీ మూసెయ్యాలి.

అమ్మేవాళ్ల వాదనలోనూ ఒక నిజముంది. రేపు బయటపడే లోపానికి ప్యాచ్ రాకపోవచ్చు. 2019 మేలో రిమోట్ డెస్క్‌టాప్‌లో (దూరం నుంచి కంప్యూటర్ నడిపే సదుపాయంలో) బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చింది, ప్రతిసారీ ఇస్తుందనుకోలేం. కానీ ఆ లోపం కూడా రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు తెరిచి ఉన్న చోటే పనిచేస్తుంది. అందుకే సర్వీస్ ఇంజనీర్ వచ్చి వెళ్లిన ప్రతిసారీ పక్క కంప్యూటర్ నుంచి 445, 3389 రెండింటికీ టెల్‌నెట్ (పోర్టు తెరిచి ఉందో లేదో చూపే కమాండ్) కొట్టి చూడాలి. మూసేసిన పోర్టు కనెక్ట్ అయిందంటే ఎవరో మళ్లీ తెరిచినట్టే. విండోస్ 7లో ఎస్ఎంబీ1 ఒక్కదాన్నే ఆపి ఫోల్డర్ షేరింగ్ ఉంచితే 445 తెరిచే ఉంటుంది, అక్కడ రిజిస్ట్రీలో ఆ 0 అలాగే ఉందో లేదో చూడాలి.