పాత కారుకు కొత్త ఇంజన్: అపోహలు, వాస్తవాలు

డాలస్ దగ్గర గ్యారేజీలో పని చేస్తున్నాను. షెవర్లే కంపెనీ 1969 కమారో, 1970 షెవెల్ లాంటి పాత కార్లకు కొత్త ఇంజన్లు ఎక్కించడమే నా పని. వచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉంటారు. అందరిదీ దాదాపు ఒకటే మాట: "అన్నా, జంక్‌యార్డ్‌లో (పాత బండ్లు విడదీసి అమ్మే చోట) సిల్వరాడో ట్రక్కు 5.3 లీటర్ల ఇంజన్ చవగ్గా దొరికింది. ఇక బిగించడమేగా!"

అపోహ: ఇంజన్ దొరికితే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: ఖర్చు మొదలయ్యేదే అక్కడ. ఆ 5.3 మంచి ఇంజనే, చాలావాటికి ఐరన్ బ్లాక్, గట్టిది. కానీ ట్రక్కు ఆయిల్ పాన్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోతు ఎక్కువ. కమారోలో పెడితే క్రాస్ మెంబర్ (ఇంజన్ కింద అడ్డంగా ఉండే ఫ్రేమ్ దూలం) కంటే కిందికి వేలాడుతుంది, మొదటి స్పీడ్ బ్రేకర్‌కే పగులుతుంది. పాన్ మార్చాలి. ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంట్లు, పొగ బయటికి పంపే హెడర్ పైపులు, వైరింగ్ కూడా మార్చాలి. కంప్యూటర్‌లో ట్రక్కు దొంగతనం లాక్ తీసేయించాలి. గేర్‌బాక్స్ కూడా మారిస్తే డ్రైవ్ షాఫ్ట్ పొడవు మళ్లీ చూసుకోవాలి.

అందరూ మరిచిపోయేది పెట్రోల్ సంగతి. పాత కార్బురేటర్‌కు పెట్రోల్ ఆరేడు పీఎస్ఐ ఒత్తిడితో వస్తే చాలు. పెట్రోల్‌ను ఇంజెక్షన్‌తో చిమ్మే ఈ ఇంజన్‌కు 58 కావాలి. పంపు మారిస్తే సరిపోతుందనుకుంటారు, అదీ తప్పే.

మొన్న వేసవిలో ఒక తమ్ముడు వచ్చాడు. మలుపు తిరిగితే బండి ఆగిపోతోందట. అప్పటికే కాయిల్స్ మార్చాడు, సెన్సార్లు మార్చాడు, నిద్ర కూడా పట్టట్లేదన్నాడు. గేజ్ చూస్తే పావు ట్యాంకు. నిండా పోయించి అదే మలుపు తిప్పాను, ఏమీ కాలేదు. పాత ట్యాంకు లోపల అడ్డుగోడలు లేవు. మలుపులో పెట్రోల్ ఒక పక్కకు పోతే పంపు గాలి పీలుస్తుంది. కార్బురేటర్ గిన్నెలో కొంచెం పెట్రోల్ నిలవ ఉండేది కాబట్టి అప్పట్లో ఇది తెలిసేది కాదు. ఇంజెక్షన్‌లో క్షణంలో తెలిసిపోతుంది. లోపలే పంపు, అడ్డుగోడలు ఉన్న ట్యాంకు వేశాక ఆ కారు మళ్లీ ఆగలేదు. తప్పు ఆ అబ్బాయిది కాదు. ట్యాంకు గురించి అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

అపోహ: ఎల్ఎస్ (ఆ 5.3 కూడా చేరే జనరల్ మోటార్స్ వీ8 ఇంజన్ల కుటుంబం) తప్ప ఇంకేదీ పనికిరాదు.

వాస్తవం: వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక్కటే, అదీ బ్లాకులోనే ఉండటం వల్ల ఎల్ఎస్ వెడల్పు తక్కువ, అందుకే ఎక్కడైనా పడుతుంది. ఫోర్డ్ కొయోటీ ఇంజన్‌కు నాలుగు క్యామ్‌లు పైన ఉంటాయి, వెడల్పు ఎక్కువ. 1965-70 ముస్టాంగ్‌లో పెట్టాలంటే ముందు సస్పెన్షన్‌ను పట్టి ఉంచే షాక్ టవర్లు కోయాలి, అంటే ముందు సస్పెన్షన్ మొత్తం మారినట్టే. ఆ ఖర్చుకు సిద్ధమైతే అద్భుతమైన ఇంజన్.

అపోహ: కాలిఫోర్నియాలో ఇంజన్ మారిస్తే కారు రోడ్డెక్కనివ్వరు.

ఈ పుకారు వినీ వినీ విసుగొచ్చింది. అక్కడ 1975, అంతకు ముందు మోడల్ పెట్రోల్ కార్లకు స్మాగ్ పరీక్షే (పొగ కాలుష్య పరీక్ష) లేదు. టెన్షన్ పడకండి. 1976, ఆ తర్వాతి మోడల్ కారైతే మాత్రం నిబంధనలు కచ్చితంగా చూసుకోవాలి.

ఇక ఇంజన్ మారిస్తే పాత కారు విలువ పోతుందన్న భయం. కారుతో పుట్టిన ఇంజన్ నంబరు కారు నంబరుతో సరిపోతుంటే ఆ ఇంజన్‌ను అమ్మకండి. స్టాండ్ మీద గుడ్డ కప్పి దాచండి. బ్రేకులు ఇంకా డ్రమ్ములే అయితే ముందు వాటి సంగతి చూడండి, ఇంజన్ తర్వాత.

జంక్‌యార్డ్‌లో వైరింగ్ కత్తిరించనివ్వకండి. విడదీసి ఇవ్వమనండి. కంప్యూటర్ అదే ట్రక్కుది తీసుకోండి. 2003, ఆ తర్వాతి ట్రక్కైతే యాక్సిలరేటర్ పెడల్ కూడా దానిదే కావాలి. ఇవన్నీ చేతికొచ్చాకే డబ్బులివ్వండి.