ఆకుకూరలపై అతినీలలోహిత కాంతి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఈ కాంతి సోకిన కూరలో రేడియేషన్ మిగిలిపోతుంది.

వాస్తవం: ఏమీ మిగలదు. ఆకుకూరల మీది క్రిములను చంపి శుద్ధి చేయడానికి ఎక్కువగా వాడే 254 నానోమీటర్ల యూవీ-సి (అతినీలలోహిత కాంతిలో ఒక రకం), సూక్ష్మజీవుల డీఎన్‌ఏలో పక్కపక్కనున్న థైమిన్ అనే భాగాలను ఒకదానికొకటి అతికించి, అవి వృద్ధి చెందకుండా అడ్డుకుంటుంది. ఆహారాన్ని రేడియోధార్మికంగా మార్చే శక్తి దానికి లేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో ఐస్‌బర్గ్ లెట్యూస్‌కు (క్యాబేజీలా ఉండే సలాడ్ ఆకు), పాలకూరకు 4 కిలోగ్రేల (రేడియేషన్ మోతాదు కొలమానం) వరకు అనుమతించినవి గామా వంటి అయనీకరణ కిరణాలు, యూవీ కాదు. అది పూర్తిగా వేరే ప్రక్రియ.

అపోహ: యూవీ దీపం కింద పెడితే క్రిములన్నీ చస్తాయి.

వాస్తవం: ఆకుకూరలను శుద్ధి చేసే మా రంగంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. యూవీ-సి ఆకు పైపొరను దాటి లోపలికి పెద్దగా చొచ్చుకుపోదు, మలుపు తిరగదు, నీడలో పనిచేయదు. కొత్తిమీర కట్టను విప్పి చూడండి: ఒక ఆకు మీద మరొకటి పడుకుని ఉంటుంది, కాడల మొదట్లో మట్టి పేరుకుని ఉంటుంది, తడి ఆకులు జతలుగా అంటుకుని ఉంటాయి. కట్టను విప్పకుండా అలాగే దీపం కింద పెడితే వెలుగు చూసేది పైవరస మాత్రమే. పత్రరంధ్రాల్లోకి, కోసిన కాడల చివర్లలోకి చేరిన బ్యాక్టీరియాను అది అందుకోలేదు. అందుకే కర్మాగారాల్లో ఆకులను విడదీసి, బెల్టు మీద పలుచగా పరచి, పైనుంచీ కిందనుంచీ కాంతి పడేలా చూస్తాం. అంత జాగ్రత్తగా చేసినా, ఆకు మీదున్న లక్ష క్రిముల్లో 99 శాతం నశిస్తే ఇంకా 1,000 మిగిలే ఉంటాయి. ఈ.కోలి ఓ157:హెచ్7 వంటి ప్రమాదకరమైన బ్యాక్టీరియా రకం వంద కణాలకన్నా తక్కువతోనే జబ్బు తెప్పించగలదు. 2006లో అమెరికాలో సుమారు 200 మందిని అనారోగ్యం పాలు చేసి, ముగ్గురిని బలిగొన్నది పచ్చి పాలకూర మీద వచ్చిన ఈ రకమే. కాబట్టి పొలంలో పారే నీరు, పచ్చి పేడ, కోసేవారి చేతుల శుభ్రత విషయంలో చూపే శ్రద్ధకు ఈ కాంతి తోడు మాత్రమే కాగలదు, బదులు కాలేదు.

అపోహ: ఎంత ఎక్కువసేపు కాంతి పడితే అంత తాజాగా ఉంటుంది.

వాస్తవం: తక్కువ మోతాదు ఆకులోని రక్షణ వ్యవస్థను మేల్కొలిపి, పసుపుబారడాన్ని కొంత ఆలస్యం చేయగలదు. మోతాదు మించితే కణపొరలు దెబ్బతిని, ఆకు గోధుమరంగుకు తిరిగి మెత్తబడుతుంది. కాంతి తీవ్రతను సమయంతో గుణిస్తే వచ్చేదే మోతాదు కనుక, పాతబడి కాంతి తగ్గిన ట్యూబును మార్చకుండా గడియారాన్ని మాత్రమే నమ్ముకోవడం తప్పు. ఇంకొక మాట: దెబ్బతిన్న బ్యాక్టీరియా మామూలు వెలుతురులో తన డీఎన్‌ఏను తిరిగి బాగుచేసుకోగలదు. శుద్ధి చేసిన ఆకును వెంటనే చీకటిలో, చల్లగా ఉంచాలని మేము పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: ఇంట్లో యూవీ పెట్టె ఉంటే కూర కడగనక్కరలేదు.

వాస్తవం: మట్టినీ, ఇసుకనూ ఈ కాంతి తొలగించదు, పురుగుమందుల అవశేషాలకూ దాన్ని నమ్ముకోలేం. మామూలు గాజు యూవీ-సిని ఆపేస్తుంది, చాలా ప్లాస్టిక్‌లూ అంతే. వెలుగుతున్న ట్యూబును నేరుగా చూస్తే కంటికి, తగిలితే చర్మానికి హాని. పెరుగు పచ్చడిలోకి పచ్చిగా వేసే కొత్తిమీర, పుదీనాలను వేర్లు కోసి, కట్ట విప్పి, రెమ్మలను విడదీసి, పారే నీటిలో కడిగి, తడి పూర్తిగా ఆర్చి, 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఫ్రిజ్‌లో పెట్టండి.