పీహెచ్‌డీ గురించి కడపలో తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

గైడుగా ఉన్నవారి దగ్గరకు ఎం.ఏ. ముగించిన విద్యార్థులు, వారికంటే ఎక్కువగా వారి తల్లిదండ్రులు వచ్చి పీహెచ్‌డీ సంగతులు అడుగుతుంటారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చినా పులివెందుల నుంచి వచ్చినా వెంట తెచ్చే నమ్మకాలు మాత్రం ఇంచుమించు ఒక్కటే. చరిత్ర శాఖలో పనిచేస్తున్నాను కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఇస్తాను.

అపోహ: విషయం ఎంత పెద్దదైతే థీసిస్‌కు అంత విలువ

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ‘విజయనగర కాలంలో రాయలసీమ నీటిపారుదల: సమగ్ర పరిశీలన’ అని సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) వస్తే నేను ముందు ‘సమగ్ర’ను కొట్టేస్తాను, ఆ తర్వాత రాయలసీమను. చివరికి ఒక్క పోరుమామిళ్ల చెరువు మిగిలినా అది ఏళ్ల తరబడి చేయవలసిన పనే.

బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువుకు 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెప్పారు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని జరిగిందనీ ఉంది. ఈ అంకెలు పరీక్షలో రాస్తే ఎం.ఏ.లో మార్కులు పడతాయి. పరిశోధకుడు వాటిని అనుమానించాలి. కట్ట పొడవు, ఎత్తు కొలిచి చూస్తే అంత మంది చేసిన మట్టిపనికి లెక్క సరిపోతుందా? ఆ 12 అంగాల్లో ఈనాటి చెరువు దగ్గర కనిపించేవి ఎన్ని?

అక్కడి నుంచి రెవెన్యూ రికార్డుల్లోకి దిగితే చిక్కులు వేరు. పాత అడంగళ్లలో (ఊరి భూమి, పంటల రికార్డుల్లో) సంవత్సరం ఫసలీలో, అంటే జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరంలో ఉంటుంది. ఫసలీ 1310కి 590 కలిపితే 1900; అంటే ఆ ఏడాది జూలై నుంచి 1901 జూన్ దాకా. ఈ జూలై సంగతి మరిచి మొత్తాన్ని 1900 కింద వేసుకుంటే, మరుసటి జనవరి తర్వాతి పైర్లన్నీ ముందు ఏడాది లెక్కలో పడతాయి. వానల పట్టికతో పోల్చినప్పుడు ఏదీ పొసగదు. పీహెచ్‌డీలో నేర్చుకునేది ఇలాంటి పని. దాన్ని ఇంకో పెద్ద ఎం.ఏ. అనుకుని చేరినవారే మధ్యలో మానేస్తుంటారు.

అపోహ: జేఆర్‌ఎఫ్ రాకపోతే సీటు లేదు, ముప్పై దాటితే అసలే లేదు

జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అనేది డబ్బు సంగతి. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు రూ. 37,000, ఆ తర్వాత రూ. 42,000. వయోపరిమితి కూడా దానికే: జనరల్ అభ్యర్థులకు 30 ఏళ్లు, మహిళలకు, రిజర్వుడు వర్గాలకు సడలింపు ఉంది. పీహెచ్‌డీలో చేరడానికి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) వయసు హద్దేమీ పెట్టలేదు. 2024 జూన్ నుంచి జాతీయ అర్హత పరీక్ష అయిన నెట్‌లోనే పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే పనికొచ్చే అర్హత కూడా ఇస్తున్నారు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు పరిశోధన ప్రవేశ పరీక్ష ఆర్‌సెట్ ఉండనే ఉంది.

అపోహ: ఉద్యోగం చేస్తూ చేయలేం

చేయవచ్చు. యూజీసీ 2022 నియమాలు పార్ట్‌టైమ్‌ను స్పష్టంగా అనుమతించాయి. అయితే యాజమాన్యం ఇచ్చే నిరభ్యంతర పత్రంలో, అవసరమైతే కోర్స్‌వర్క్ (స్కాలర్లు చదవవలసిన పాఠాలు) కోసం విధుల నుంచి వదులుతామని ఉండాలి. ఉపాధ్యాయులు చాలామంది ఆ వాక్యం లేని కాగితంతో వచ్చి తిరిగి వెళ్తుంటారు.

అపోహ: మూడేళ్లలో చేతికి వస్తుంది

మూడేళ్లు కనీస గడువు. గరిష్ఠం ఆరు, మళ్లీ రిజిస్టరు చేసుకుంటే మరో రెండు. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది. స్త్రీలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఇవ్వవచ్చు. పెళ్లి కుదిరిందని చదువు మాన్పించడానికి వచ్చే తండ్రులకు నేను ముందు చూపించేది ఈ నిబంధననే.

అపోహ: డబ్బు కట్టి పేపర్లు అచ్చు వేయించుకోక తప్పదు

థీసిస్ ఇచ్చేలోపు ఒక పరిశోధన పత్రం అచ్చు కావాలన్న 2016 నాటి షరతును 2022లో యూజీసీ తీసేసింది. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఏమైనా అడుగుతుందేమో కనుక్కోండి. 2025 ఫిబ్రవరిలో యూజీసీ గుర్తించిన పత్రికల ‘కేర్’ జాబితానూ ఆపేశారు కాబట్టి ఏది మంచి పత్రికో తేల్చుకోవలసింది మీరూ మీ గైడూ. వారంలో అచ్చు వేస్తామని ఫోనుకు సందేశం పంపే పత్రిక ఎలాంటిదో వేరే చెప్పాలా?

అపోహ: గైడు ఇంటి పనులు కూడా చేయాలి

ఏ నియమంలోనూ లేదు. గ్యాస్ బండ తేవడం కోర్స్‌వర్క్ కాదు. ప్రొఫెసర్‌కు 8, అసోసియేట్‌కు 6, అసిస్టెంట్‌కు 4కు మించి స్కాలర్లు ఉండకూడదు. అందుకే ముందు ఎవరి దగ్గర ఖాళీ ఉందో తెలుసుకుని, వారి దగ్గర ఇప్పుడు పనిచేస్తున్నవారితో మాట్లాడండి.

అపోహ: డిగ్రీ వస్తే కొలువు ఖాయం

కాదు. 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ కొలువుకు కనీస అర్హత నెట్, లేదా రాష్ట్ర స్థాయి పరీక్షలైన సెట్, స్లెట్; పీహెచ్‌డీ ఐచ్ఛికం. కేవలం ఉద్యోగమే కావాలంటే ముందు నెట్ మీద కూర్చోమనే చెబుతాను.

అపోహ: ఎవరిచేతనైనా రాయించుకోవచ్చు, పోలిక 10 శాతం లోపు వస్తే చాలు

ఇతరుల రాతతో థీసిస్‌కు ఉన్న పోలికలో ఆ 10 శాతం శిక్ష లేని హద్దు మాత్రమే. రాత మీదేనని అది రుజువు చేయదు. థీసిస్‌ను బయటి నుంచి కనీసం ఇద్దరు పరీక్షకులు చదువుతారు, వైవా బహిరంగంగా జరుగుతుంది, ఆపై థీసిస్ కాపీ ఆన్‌లైన్ థీసిస్ భాండాగారమైన శోధగంగలో అందరికీ కనిపిస్తూ ఉంటుంది. చేరకముందే ఆ శోధగంగ తెరిచి, మీరు అనుకుంటున్న అంశం మీద వచ్చిన థీసిస్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా చదవండి. ముఖ్యంగా చివర ఇచ్చిన ఆకరాల పట్టిక చూడండి. అందులో ఎన్ని రికార్డులను ఆ రచయిత స్వయంగా చూశాడో ఊహించడానికి ప్రయత్నించండి.