గ్రామఫోన్ ఎరగని నిప్పర్

హెచ్‌ఎంవీ (హిజ్ మాస్టర్స్ వాయిస్, అంటే 'తన యజమాని గొంతు') రికార్డుల మీద ఉండే కుక్క గురించి ఒక కథ చెప్పుకుంటారు. యజమాని చనిపోయాడనీ, ఆయన గొంతు గ్రామఫోన్‌లో వినబడగానే కుక్క వచ్చి కొమ్ము ముందు కూర్చుండిపోయిందనీ. కుక్క నిజం, యజమాని చావూ నిజం. గ్రామఫోన్ మాత్రం ఆ కుక్క పోయాకే బొమ్మలోకి వచ్చింది.

కుక్క పేరు నిప్పర్. 1884లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టింది. ఇంటికొచ్చినవాళ్ల పిక్కలు పట్టేదట, అందుకే ఆ పేరు (ఇంగ్లీషులో 'నిప్' అంటే చిన్నగా కొరకడం). యజమాని మార్క్ బరాడ్ నాటకశాలలో తెరలు చిత్రించేవాడు. 1887లో మార్క్ పోయాక నిప్పర్ ఆయన సోదరుడు ఫ్రాన్సిస్ దగ్గరికి చేరింది. ఫ్రాన్సిసూ చిత్రకారుడే. ఫోనోగ్రాఫ్‌లోంచి (గొట్టం మీద గొంతు రికార్డు చేసి వినిపించే ఎడిసన్ యంత్రం) మాట వస్తుంటే అదెక్కడినుంచి వస్తోందో తెలియక నిప్పర్ చెవులు రిక్కించి చూడటం ఆయనకు గుర్తుండిపోయింది. అది మార్క్ గొంతేనని నమ్మడం కష్టం. మైనపు గొట్టాలతో ఎడిసన్ మెరుగుపరిచిన ఫోనోగ్రాఫ్ బయటికొచ్చింది 1888లో, మార్క్ పోయిన మరుసటేడు.

నిప్పర్ 1895లో చనిపోయింది. మూడేళ్ల తర్వాత ఫ్రాన్సిస్ ఆ దృశ్యాన్ని గీశాడు. ఎవరూ కొనలేదు. నల్ల కొమ్ము బదులు ఇత్తడిది వేస్తే బొమ్మకు కళ వస్తుందని ఎవరో చెబితే, ఒక కొమ్ము అరువడగడానికి 1899లో లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీకి వెళ్లాడు. మేనేజర్ బ్యారీ ఓవెన్ బొమ్మ చూసి, ఫోనోగ్రాఫ్ తీసేసి తమ యంత్రం వేస్తే కొంటానన్నాడు. బొమ్మకు 50 పౌండ్లు, హక్కులకు మరో 50. ఫ్రాన్సిస్ పాత యంత్రం మీదే రంగు పూసి కొత్తది గీశాడు.

నా మనసు చివుక్కుమనేది ఇక్కడే. ఫోనోగ్రాఫ్‌లో ఇంట్లోవాళ్లు తమ గొంతు తామే రికార్డు చేసుకోవచ్చు. గ్రామఫోన్‌లో ఆ వీలు లేదు, కంపెనీ అమ్మిన రికార్డులు వినడమే. కుక్క తన యజమాని గొంతు వినగల యంత్రం ఏదైనా ఉంటే అది రంగు కింద చెరిగిపోయినదే. 'హిజ్ మాస్టర్స్ వాయిస్' అన్న పేరు పలికించే ఆపేక్ష అంతా ఆ మొదటి బొమ్మది. అసలు చిత్రాన్ని తగిన వెలుతురులో చూస్తే అడుగున ఫోనోగ్రాఫ్ జాడ ఇప్పటికీ కనిపిస్తుందంటారు.

తర్వాతది వ్యాపారం. గ్రామఫోన్ కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ 1900లో ఈ బొమ్మను అమెరికాలో ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించాడు. అక్కడ అది విక్టర్ కంపెనీకి, ఆ తర్వాత ఆర్‌సీఏ అనే కంపెనీకి చేరింది. అట్లాంటిక్‌కు ఈవల గ్రామఫోన్ కంపెనీ వారి హెచ్‌ఎంవీది. నిప్పర్‌ను పాతిపెట్టిన, లండన్ దగ్గరి కింగ్‌స్టన్‌లో 2010లో ఒక సందుకు దాని పేరు పెట్టారు.

హక్కులు ఒక్కసారిగా అమ్ముకున్న ఫ్రాన్సిస్‌ను కంపెనీ పూర్తిగా మరిచిపోలేదు. అదే బొమ్మ నకళ్లు ఆయన చేతే మళ్లీ మళ్లీ గీయించింది, 24 దాకా. చివరి రోజుల్లో ఏటా భృతి కూడా ఇచ్చింది. ఆయన 1924లో కన్నుమూశాడు.