పెదవిలోకి సబ్బు సూది

మా ఎదురింటి పిన్నిగారికి కింది పెదవి లోపల శనగగింజంత బొడిపె. నేరేడుపండు రంగు. ఏళ్ళ తరబడి ఉన్నదే. ఈమధ్య అన్నం తింటుంటే పంటికింద పడి రక్తం కారడం మొదలైంది. పళ్ళ డాక్టరుకు చూపించుకుని, ఇంటికైనా వెళ్ళకుండా మా గుమ్మంలోకి వచ్చేశారు.

"కొయ్యరట బాబూ! సబ్బులాంటి మందేదో సూదితో ఎక్కిస్తారట. నువ్వు కెమిస్ట్రీ మేష్టారివి కదా, ఎక్కడైనా విన్నావా ఈ విడ్డూరం?"

చీటీ చూశాను. సోడియం టెట్రాడెసైల్ సల్ఫేట్. నవ్వొచ్చింది. టూత్‌పేస్టులో, షాంపూలో నురగ కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్‌కి ఇది వరసకు అన్నగారు. తమ్ముడిది 12 కార్బన్ల తిన్నని గొలుసు. అన్నగారికి మొత్తం 14 కార్బన్లు, మధ్యలో రెండు చిన్న కొమ్మలు. ఇద్దరికీ ఉన్నది సల్ఫేట్ తలే. ఆ తలకు నీళ్ళు కావాలి, తోకకు జిడ్డు కావాలి. సబ్బు పనంతా ఈ గుంజులాటలోనే ఉంది.

మన ఒంట్లో ప్రతి కణానికీ ఉన్న పొర కొవ్వు అణువుల జంట వరసే. సబ్బు తోకకు అది గిన్నెకంటిన నెయ్యితో సమానం. పిన్నిగారి బొడిపె ఉబ్బిన రక్తనాళాల ముద్దే. రక్తనాళం లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందాన అస్తరు ఉంటుంది. మందు తగలగానే ఆ అస్తరు ఊడిపోతుంది. కింద ఉన్న కొల్లాజెన్ అనే నార ప్రోటీను బయటపడుతుంది. రక్తానికి కొల్లాజెన్ కనబడిందంటే గాయమైనట్టే లెక్క. ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి, గడ్డ కడుతుంది, వాపు వస్తుంది, కొన్ని వారాల్లో ఆ చోటంతా నారలాంటి మచ్చగా మారి నాళం మూసుకుపోతుంది. దీన్నే స్క్లెరోథెరపీ అంటారు. కాళ్ళలో ఉబ్బిన సిరలకు చేసేదీ ఇదే.

ఇంతవరకు ఏ డాక్టరైనా చెబుతాడు. నన్ను పట్టేసింది మాత్రం దీని తరవాతి చిక్కు.

తలంటు గుర్తుచేసుకోండి. నూనె దట్టంగా పట్టించిన తలకు మొదటి విడత కుంకుడు రసం పోస్తే నురగే రాదు. నూనె ఆ రసాన్నంతా మింగేస్తుంది. రెండో విడతకు నురగ పొంగుతుంది. పెదవిలోని బొడిపెలోనూ సరిగ్గా ఇదే గొడవ. అక్కడ నూనె పాత్ర రక్తానిది. రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీను, ఎర్రకణాల పొరలు సబ్బు అణువుల్ని పట్టేసుకుంటాయి. గోడను చేరేసరికి మందులో పస ఉండదు. పైగా ఈ బొడిపె రక్తంతో నిండిన స్పాంజిలాంటిది. అంటే మనం ఎప్పుడూ మొదటి విడతలోనే ఉన్నట్టు.

మరి రక్తాన్ని తప్పించేదెలా? మందుతో ముందే నురగ చేసేస్తే సరి. రెండు సిరంజీలను మూడు దారుల కుళాయితో కలిపి, ఒక వంతు మందు, నాలుగు వంతుల గాలి తీసుకుని, అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ ఓ ఇరవైసార్లు తోస్తే చిక్కటి తెల్ల నురగ వస్తుంది. టెస్సారి అనే ఇటలీ డాక్టరు 2000లో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ద్రవమైతే రక్తంలో కలిసిపోతుంది. నురగ అలా కలవదు, రక్తాన్ని ముందుకు నెట్టుకుంటూ పోయి గోడనంతా తాకుతుంది. తలంటులో నురగ వచ్చిందంటే పని అయిపోయిందని గుర్తు. ఇక్కడ ఆ నురగతోనే పని మొదలవుతుంది. పోలిక ఇక్కడ కాస్త తిరగబడినా నాకు ఇష్టమే.

పోలికలో ఇంకో ముక్క మిగిలింది. కుంకుడు రసం కంట్లో పడితే మంట. ఈ మందు నాళం దాటి కండలోకి జారితే పుండే. అందుకే సూది గుచ్చాక ముందు పిస్టన్ వెనక్కి లాగి, సిరంజిలోకి రక్తం వస్తోందో లేదో చూసుకుంటారు. పెదవి మీది చిన్నవాటికైతే చాలామంది ద్రవాన్నే వాడతారు. మందు పక్కకు పారిపోకుండా చుట్టూ వేళ్ళతో నొక్కిపెడతారు. కుంకుడులోని సాపోనిన్లకూ ఎర్రకణాలను పగలగొట్టే గుణముంది. అలాగని ఆ రసం తెచ్చి నోట్లో పుండు మీద పోసేరు, బాబూ!

నా సర్వీసంతా బోర్డు మీద మైసెల్ బొమ్మ, అంటే సబ్బు అణువులు ఉండకట్టిన బొమ్మ, వేశాను. తోకలు లోపలికి, తలలు బయటికి, రెండు మార్కులు. అదే బొమ్మ ఒకరి పెదవికి వైద్యం చేస్తుందని ఏ పిల్లాడికీ చెప్పలేదు. నాకే తెలిస్తేగా.

సబ్బు సరే, అసలు ఆ బొడిపె ఏమిటో ముందు తేలాలి. పారదర్శకంగా ఉన్న గాజుముక్కతో నొక్కితే పాలిపోయి, వదలగానే మళ్ళీ నీలంగా నిండితే లోపల ఉన్నది రక్తమే. తల కిందికి వంచితే ఉబ్బేది సిరల రకం. వేలికి బియ్యపుగింజలాంటి గట్టి పలుకులు తగిలితే అవి పాత రక్తపు గడ్డల్లో సున్నం చేరి రాళ్ళయినవి. నొక్కినా రంగు మారని నల్లమచ్చను మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. అన్నిటికన్నా భయపడాల్సింది వేలి కింద నాడిలా కొట్టుకునే దాన్ని చూసి. ధమని నేరుగా సిరలో కలిసిపోయిన రకం అది. దానికి ఈ మందు పనికిరాదు, ప్రవాహంలో ఎటో కొట్టుకుపోతుంది. ఇదే దవడ ఎముకలో దాక్కుని ఉంటే, తెలియక పన్ను పీకితే ఆగని రక్తంతో ప్రాణం పోవచ్చు. అనుమానం ఉన్నచోట, రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్ చేయించేది ఇందుకే. పులిపిరికి గుర్రం తోక వెంట్రుక కట్టినట్టు దీనికీ కడదామనే పెద్దలు ఇంకా ఉన్నారు. దండం పెట్టి చెబుతున్నా, వద్దు.

పేర్ల గందరగోళం ఒకటి. నోట్లో ఎర్రగా, నీలంగా ఏది ఉబ్బినా హిమాంజియోమా (రక్తనాళాల గడ్డ) అని రాసేస్తుంటారు. కణాలు పెరిగి ఏర్పడే గడ్డ వేరు, పుట్టుకతోనే నాళాల అల్లిక తేడాగా ఉండటం వేరు అని 1982లోనే ముల్లికెన్, గ్లోవాకీ విడదీశారు. పసిపిల్లల్లో వచ్చేది మొదటిది. నెలల్లో పెరుగుతుంది, ఏళ్ళలో దానంతటదే తగ్గుతుంది. ఇబ్బంది పెడితే ప్రొప్రనొలాల్ ఇస్తారు. అది గుండె మందు. ఫ్రాన్సులోని బోర్డోలో ముక్కు మీద గడ్డ ఉన్న పిల్లాడికి స్టెరాయిడ్లు వాడుతుంటే గుండె కండరం దళసరి అయింది. దానికని ఈ మందిస్తే, మర్నాటికే గడ్డ ఎరుపు తగ్గి మెత్తబడింది! లేయోతే-లాబ్రేజ్ బృందం 2008లో దీన్ని ప్రచురించింది. పిన్నిగారిది ఆ పసిపిల్లల రకం కాదు. అదే మందు ఆవిడకిస్తే బీపీ తగ్గుతుందేమో గానీ బొడిపె కదలదు. గర్భిణులకు పంటి చిగురు మీద వచ్చే ఎర్రగడ్డ ఇంకో కథ. అది చాలాసార్లు కాన్పయ్యాక చిన్నదవుతుంది. లేజరు సంగతి మరోసారి.

పిన్నిగారికి మూడు సిట్టింగులు పట్టింది. మొదటిసారి పెదవి బూరెలా వాచి, రెండ్రోజులు మజ్జిగన్నంతో గడిపారు. రంగు పోయింది. అద్దంలో చూసుకుంటే ఏమీ కనబడదట గానీ, ఆవగింజంత గట్టిదనం నాలుకకు తగులుతూనే ఉందట.

"అది మచ్చ, పిన్నిగారూ."

"నోట్లో కూడానా!" అన్నారు.