ధ్రువంలో నుయ్యి

దక్షిణ ధ్రువంలోని అమండ్‌సెన్–స్కాట్ పరిశోధన కేంద్రం కింద రెండున్నర కిలోమీటర్లకు పైగా మందాన మంచు పేరుకుని ఉంది. అయినా అక్కడివాళ్లు వారానికి రెండు సార్లే, అదీ రెండేసి నిమిషాలే, స్నానం చేయాలి. కొరత మంచుకు కాదు, దాన్ని కరిగించే ఇంధనానికి. అది ఎంతో దూరం నుంచి చేరాలి. ఫిబ్రవరి మధ్యలో చివరి విమానం వెళ్లాక అక్టోబరు చివరి దాకా మామూలుగా మరొకటి రాదు. ఆ చలికాలమంతా సుమారు నలభై మంది జెనరేటర్లను నమ్ముకునే బతుకుతారు.

ఆ జెనరేటర్లు వదిలే వేడినే నీటికి వాడుకోవడం నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు. మంచులోకి వేడినీటితో నిలువుగా రంధ్రం చేస్తారు. పైపొరల్లో మంచు గుల్లగా ఉంటుంది, నీరు నిలవదు, ఇంకిపోతుంది. అందుకే గట్టి మంచు తగిలేదాకా, అరవై మీటర్లకు పైగా దిగాలి. అక్కడ కరిగిన నీటిని తోడి, వేడిచేసి, కొంత వాడుకుని మిగిలింది మళ్లీ లోపలికే పంపుతారు. చుట్టూ మంచు కరిగి మడుగు పెరుగుతుంది. వేడి పంపడం ఆపితే మడుగు క్రమంగా గడ్డకడుతుంది. ఈ పద్ధతిని రూపొందించిన అమెరికా సైనిక ఇంజినీరు రోడ్రిగెజ్ పేరుతో ఇలాంటి నూతులను రాడ్‌వెల్ అంటారు.

నీరు వాడేకొద్దీ మడుగు కిందికి దిగుతుంది. తోడడం భారమైనప్పుడు కొత్త నుయ్యి తవ్వుతారు. పాతదానిలోకి మురుగునీరు పోతుంది. అంత స్వచ్ఛమైన మంచులో మురుగు కలపడం మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ దాన్ని గడ్డకట్టించి తీరానికి మోయాలంటే మళ్లీ విమానాలు, మళ్లీ ఇంధనం. అంటార్కిటికా పర్యావరణాన్ని కాపాడేందుకు దేశాలు చేసుకున్న 1991 నాటి మాడ్రిడ్ ఒప్పందం కూడా లోతట్టు కేంద్రాలకు వేరే దారి లేనప్పుడు దీన్ని అనుమతించింది.

ఈ నుయ్యి శాస్త్రానికీ ఉపయోగపడింది. అంతరిక్షం నుంచి రాలి మంచులో కూరుకుపోయిన సూక్ష్మ ఉల్కలు, ఆ మంచు కరిగినప్పుడు మడుగు అడుగున చేరతాయి. 1995లో ఒక యంత్రాన్ని దింపి వాటిని ఊడ్చి తెచ్చారు. ఆ మంచు దాదాపు క్రీ.శ. 1100–1500 మధ్య కురిసినది. ఎంత మంచు కరిగిందో, అది ఎన్నేళ్ల కాలంలో కురిసిందో తెలుసు కాబట్టి, భూమి మీద ఏటా ఎంత ఉల్కాధూళి పడుతుందో లెక్కగట్టగలిగారు.